చారిత్రక కట్టడాల పరిసరం – నూతన గృహ నిర్మాణానుమతి: కెడిల్‌స్టన్ హాల్ వివాదం

1. ఉపోద్ఘాతం:
చారిత్రక కట్టడాన్ని పరిరక్షించడమంటే దాని గోడలను నిలబెట్టడం మాత్రమే కాదు. దాని చుట్టూ ఉన్న నేలను ఏ మేరకు కాపాడాలన్నది అంతకన్నా క్లిష్టమైన ప్రశ్న. ఆ నేలమీదనే కొత్త ఇళ్లు అవసరమైనప్పుడు కట్టడపు ‘పరిసరం’ ఎక్కడ ముగుస్తుందో తేల్చవలసి వస్తుంది. ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్నకు లభించిన సమాధానాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చట్ట నేపథ్యం:
ఇంగ్లండ్‌లో 1990 నాటి రక్షిత కట్టడాల చట్టం 66వ సెక్షన్ ఈ విషయంలో కీలకమైనది. రక్షిత జాబితాలోని కట్టడాన్ని గాని, దాని పరిసరాన్ని గాని ప్రభావితం చేసే నిర్మాణానికి అనుమతి కోరినప్పుడు, వాటి పరిరక్షణపై అధికారులు ప్రత్యేక శ్రద్ధ వహించాలి. ఈ అంశానికి గణనీయమైన ప్రాధాన్యం ఇవ్వాలని 2014లో బార్న్‌వెల్ మేనర్ కేసులో అప్పీలు కోర్టు స్పష్టం చేసింది. అయితే పరిసరానికి ఇన్ని మీటర్లని చట్టం హద్దు గీయలేదు.

3. కెడిల్‌స్టన్ హాల్ వివాదం:
డర్బీ నగర సమీపంలోని కెడిల్‌స్టన్ హాల్ 18వ శతాబ్దపు భవనం. దాని రూపకల్పనలో వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్‌ది ప్రముఖ పాత్ర. ఇది అత్యున్నతమైన గ్రేడ్-1 శ్రేణికి చెందింది. భారత వైస్రాయ్ లార్డ్ కర్జన్ 1859లో ఇక్కడే జన్మించాడు.

ఈ భవనానికి చెందిన పూర్వపు ఎస్టేట్ భూముల్లో 400 వరకు ఇళ్ల నిర్మాణానికి దరఖాస్తు రాగా స్థానిక కౌన్సిల్ తిరస్కరించింది. 2016లో ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ అనుమతి మంజూరు చేశారు. ఆ భూమికి హాల్‌తో చారిత్రక సంబంధం ఉన్నప్పటికీ, భౌతిక, దృశ్య సంబంధం లేనందున అది హాల్ పరిసరంలోకి రాదని ఆయన భావించారు. చూపునకే నిర్ణాయక స్థానం ఇచ్చారన్న కారణంతో 2017లో హైకోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. 2018లో అప్పీలు కోర్టు హైకోర్టు తీర్పును తోసిపుచ్చింది. పరిసరాన్ని నిర్ణయించడంలో చారిత్రక, సామాజిక, ఆర్థిక సంబంధాలకూ చోటు ఉందని అంగీకరిస్తూనే, ఇన్‌స్పెక్టర్ వాటిని విస్మరించలేదని తేల్చింది. ఏ సంబంధానికి ఎంత విలువ ఇవ్వాలన్నది నిర్ణయాధికారి వివేచనకు చెందిన విషయమని ఈ తీర్పు సారాంశం.

4. భారతీయ విధానంతో తులన:
భారతదేశంలో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం కర్జన్ హయాంలోనే, 1904లో వచ్చింది. ప్రస్తుతం అమలులో ఉన్న 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చార్మినార్, గోల్కొండ వంటి కట్టడాల చుట్టూ ఇళ్లున్న వారికి ఈ కొలతలే వర్తిస్తాయి.

5. ముగింపు:
కొలతపై ఆధారపడిన నియమం పౌరునికి ముందుగానే స్పష్టతనిస్తుంది. కానీ 101వ మీటరు వద్ద కట్టడపు ప్రాముఖ్యం తగ్గిపోదు. వివేచనపై ఆధారపడిన పద్ధతి ప్రతి కట్టడపు ప్రత్యేకతను గుర్తిస్తుంది. కానీ ఇంటి కోసం ఎదురుచూసేవారిని ఏళ్లపాటు అనిశ్చితిలో ఉంచుతుంది. హద్దును ఎవరు, ఏ ఆధారాలతో గీస్తున్నారో ముందుగా వెల్లడైనప్పుడే వారసత్వానికీ నివాసావసరానికీ న్యాయం జరుగుతుంది.