కిటికీకి అడ్డం నిలబడిన బీరువా

సభ్యత్వ రిజిస్టరు సరిచేయడానికి మన సంఘం తరఫున ముగ్గురం కొన్ని ఆదివారాలు ఇంటింటికీ తిరిగాం. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ముగించుకుని ఛాంపియన్ రీఫ్స్ లైన్లకు వెళ్లేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. ఒక ఇంటి గడపమీద పదో తరగతి చదివే అమ్మాయి వీధివైపు తిరిగి కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ముందునుంచి బండ్లు పోతున్నాయి, ఎదురింట్లో టీవీ మోగుతోంది. "లోపల కూర్చోవచ్చు కదమ్మా" అన్నాం. "లోపల కనపడదు సార్" అంది.

లోపలికి వెళ్లి చూస్తే ఆ పిల్ల మాట నిజమే. పది అడుగుల గది. మధ్యలో ట్యూబులైటు వెలుగుతూనే ఉంది గానీ, గోడకు ఆనుకుని కూర్చుంటే మంచం నీడ, నడుమ కూర్చుంటే తల నీడ పుస్తకం మీద పడుతోంది. కిటికీ లేదా అని అడిగితే, ఉంది, బీరువా వెనకాల ఉంది అన్నారు.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు కిటికీ ఎక్కడుందో చూడటం మాకు అలవాటైంది. ఇది ఒక ఇంటి సంగతి కాదని తేలింది. కొన్నిచోట్ల బీరువా, కొన్నిచోట్ల ట్రంకుపెట్టెల దొంతర, కొన్నిచోట్ల రేకు కొట్టి మూసేశారు. అందుకే రిజిస్టరు పని పక్కనబెట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన ఊరికి వెలుతురు కరువు అంటే బయటివాళ్లు నవ్వుతారు. శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి, 1902లో తెచ్చింది మన కోలారు బంగారు గనులకే. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. అయితే ఆ కరెంటు యంత్రాల కోసం వచ్చింది, మన పెద్దల వంటింటి కోసం కాదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపునుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు మొదట ఉన్నది వెదురు తట్టి గుడిసెల్లో. తర్వాత వచ్చిన లైన్ల ఇళ్లు కూడా కాపురానికని కాక, షిఫ్టు దిగినవాడు ఒళ్లు వాల్చడానికని కట్టినట్టుంటాయి. ఊరిగాం వైపు దొరల బంగళాలు చూడండి: చుట్టూ వరండా, నిలువెత్తు కిటికీలు, ఎత్తైన పెంకు కప్పు. వెలుతురు ఎలా తేవాలో కట్టినవాళ్లకు తెలియక కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఇళ్లల్లో మనుషులు తగ్గలేదు, సామాను పెరిగింది. పెళ్లిలో ఇచ్చిన బీరువా, డబుల్‌కాట్, టీవీ బల్ల, వాషింగ్ మెషీను అన్నీ ఆ గదిలోకే రావాలి. తెల్లవారక ముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మగవాళ్లకు ఇల్లు పగటిపూట ఎలా ఉంటుందో ఆదివారం తప్ప తెలియదు. ఆ చీకట్లో ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

సరే, బీరువా పక్కకు జరిపితే సరిపోతుంది కదా అనుకుని ఆ ఇంటివాళ్లకు అదే చెప్పాం. అప్పుడు మంచం మీద కూర్చున్న అవ్వ కలగజేసుకుంది. "ఏం నాయనా, ఆ దుమ్ము తినే కదా ఆయన పోయింది. మళ్లా దాన్ని ఇంట్లోకి పిలుచుకోమంటారా?"

మాకు నోట మాట రాలేదు. ఆ కిటికీ సైనైడ్ దిబ్బ వైపుంది. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి దిబ్బలు మన ఊళ్లో కొండల్లా నిలబడి ఉన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆషాఢం గాలులు మొదలైతే అన్నం పళ్లెంలో కూడా సన్నటి తెల్లపొడి. ఆమె పెనిమిటి భూమి లోపల రాతిదుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడే సిలికోసిస్‌తో పోయాడు. బీరువా అక్కడికి స్థలం చాలక రాలేదు, కాపలాకు వచ్చింది. అవ్వది మొండితనం అనుకున్నందుకు మేమే సిగ్గుపడ్డాం.

ఇంటికొచ్చాక ఆలోచించాం. కిటికీ రెండు పనులు చేస్తుంది: వెలుతురునిస్తుంది, గాలినిస్తుంది. దుమ్ము వచ్చేది గాలితో, వెలుతురుతో కాదు. మనం దుమ్ముకు భయపడి రెండూ మూసేస్తున్నాం. దిబ్బ వైపు కిటికీకి చెక్క రెక్కలు తీసేసి, తెరవడానికి వీల్లేకుండా అద్దం బిగించేస్తే వెలుతురు వస్తుంది, పొడి రాదు. గాలికి ఎదురు గోడలో తలుపు ఉంది, చూరు కింద వెంటిలేటరు ఉంది. వెంటిలేటరుకు సన్న దోమతెర కొట్టి, పదిహేను రోజులకోసారి తీసి తడిపి కడగాలి. అద్దం అంచుల సందుల్లో పుట్టీ పెట్టించాలి, లేకపోతే పెట్టినా పెట్టనట్టే. ఈ గదిలో పొడి చీపురుతో ఊడవకండి. కూర్చున్న దుమ్ము మళ్లీ లేచి ఊపిరిలోకి పోతుంది. తడిగుడ్డతోనే తుడవండి. ఒక్క జాగ్రత్త: వంట అదే గదిలో చేసే ఇళ్లలో గాలికి వేరే దారి లేకుండా కిటికీ బిగించకూడదు.

ఇక బీరువా ఎక్కడ పెట్టాలి? పది అడుగుల గది అంటే నూరు చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు మంచం 30 అడుగులు తినేస్తుంది. బీరువా నాలుగున్నర, టీవీ బల్ల ఆరు. అంటే నలభైకి పైగా పోయింది. తలుపు తిరగడానికి, బీరువా తెరవడానికి జాగా తీసేస్తే మనిషి నడిచేది సందులోనే. సామాను మోసి, అటూ ఇటూ జరిపి నడుము విరగ్గొట్టుకోకుండా మేము చేసిన పద్ధతి చెబుతాం. పాత క్యాలెండరు అట్ట వెనక అడుగుకు ఒక అంగుళం లెక్కన గది గీసి, మంచం, బీరువా, బల్ల కొలతలకు అట్టముక్కలు కత్తిరించి, గీత మీద జరిపి చూడండి. ఆఫీసులో స్టేట్‌మెంట్లు గీసిన చెయ్యి కాబట్టి మాకు ఇది సరదాగా ఉంది. మీ ఇంట్లో పిల్లలకిస్తే ఇంకా బాగా చేస్తారు. ఎత్తైన వస్తువు ఏదైనా కిటికీ ఉన్న గోడకే ఆనించి, కిటికీకి పక్కన పెట్టాలి. ఎదుటి గోడకు పెడితే వచ్చిన వెలుతురును అది మింగేస్తుంది. ట్రంకుపెట్టెలు మంచం కిందికి. మంచం కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెడితే పెట్టెలు దూరతాయి.

వాస్తు సంగతి అడుగుతారని తెలుసు. బీరువా నైరుతిలోనే ఉండాలని ఒకాయన మాతో గంటసేపు వాదించాడు. నమ్మకాన్ని మేము కాదనం. కానీ ఆయన ఇంట్లో కిటికీ కూడా ఆ మూలనే ఉంది మరి.

గోడల రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా వచ్చేది అక్కడే. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎనభై పాళ్ల దాకా తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం అందులో ఐదో వంతు కూడా పంపవు. మాసినా కనపడదని మనవాళ్లు వేయించేది ఆ రంగులే. మన ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో అమ్మమ్మలకు ఇది బాగా తెలుసు. చేతులు, వీపులు తగిలే కిందిభాగానికి జాజు పూసి, పైనంతా సున్నం కొట్టేవాళ్లు. సున్నంలో చిటికెడు నీలిమందు వేస్తే పసుపుదనం విరిగి ఇంకా తెల్లగా కనిపిస్తుంది. చెమ్మ పీల్చే పాత గోడలకు సున్నమే మంచిది. వాటిమీద ఆయిల్ పెయింటు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక రెండో వానాకాలానికే పొక్కులు లేస్తుంది. కప్పు లోపలివైపు కూడా తెలుపు వేయడం మరవకండి. ఎర్రగచ్చు నేల ఉన్నవాళ్లు దాన్ని తవ్వి టైల్స్ వేయించనక్కర్లేదు, కిటికీ ముందు లేతరంగు చాప పరిస్తే చాలు.

మాలో ఒకరి అనుభవం కూడా చెప్పాలి. పేరు వద్దులెండి, ఈ వ్యాసం రాస్తున్న చెయ్యే. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి, పనివాడి మాట నమ్మి, హాలుకు ఫాల్స్ సీలింగు, దానిలో పన్నెండు చిన్న లైట్లు పెట్టించారు. గృహప్రవేశంలా బంధువులను పిలిచి చూపించారు కూడా. నెల తిరిగాక అర్థమైంది: ఆ సీలింగు వెంటిలేటర్లను మూసేసింది. పగలు వెలుతురు పోయింది, వేసవిలో గది ఉడికిపోయింది, పన్నెండు లైట్లు మధ్యాహ్నం నుంచే వేసుకోవాల్సి వచ్చింది. "దీపాలు కొనుక్కుని సూర్యుణ్ణి అమ్ముకున్నారు" అంది ఆయన భార్య. చివరికి ఒకవైపు రెండడుగులు కోయించేశారు. చూడటానికి వికారంగా ఉంది, కూర్చోవడానికి హాయిగా ఉంది.

కిటికీకి అసలు వీల్లేని నడిమి గదులకు దారి పైనే. మన పాత మిద్దెల్లో కప్పుకు కన్నం విడిచి గవాక్షి అనేవాళ్లు, కన్నడంవాళ్లు బెళకిండి అంటారు. పెంకుటిల్లయితే రెండు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించండి. ఇనుపరేకుల ఇంటికి ఒక రేకు బదులు వెలుతురు దిగే ఫైబరు రేకు వేయవచ్చు. అదీ కుదరకపోతే, 2002లో బ్రెజిల్ దేశపు మెకానిక్ ఆల్ఫ్రెడో మోజర్ కనిపెట్టిన పద్ధతి ఉంది. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, పాచి పట్టకుండా కాస్త బ్లీచింగు ద్రవం కలిపి, సగం పైకి సగం లోపలికి ఉండేలా రేకు కన్నంలో బిగించి, చుట్టూ కారకుండా సీలు వేస్తారు. ఎండ ఉన్నంతసేపూ 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగు. ఫిలిప్పీన్స్‌లో దీన్ని వేల ఇళ్లకు పెట్టారు. అయితే ఆస్బెస్టాస్ రేకుల ఇళ్లవాళ్లు దయచేసి డ్రిల్లు పెట్టవద్దు, రంపం పెట్టవద్దు. ఆ పొడి కూడా ఊపిరికి చేటే.

రాత్రికి నడిమధ్య ఒక పెద్ద లైటు కంటే పని దగ్గర ఒక చిన్న లైటు మేలు. 9 వాట్ల ఎల్‌ఈడీ పాత 60 వాట్ల బల్బుకు సమానం. కుడిచేతితో రాసే పిల్లలకు వెలుగు ఎడమవైపునుంచి రావాలి, అప్పుడే చేతినీడ అక్షరం మీద పడదు. ముసలివాళ్లున్న ఇంట్లో మంచం నుంచి పెరటి దొడ్డి దాకా దారిలో అర వాటు బల్బు రాత్రంతా వెలగనివ్వండి.

ఛాంపియన్ రీఫ్స్ ఇంట్లో అద్దం బిగించిన రోజు అవ్వ ముందు బయటికెళ్లి పిడికెడు బూడిద అద్దం మీద ఊదింది. లోపలికొచ్చి కిటికీ గట్టు మీద వేలుతో రాసి చూసుకుంది. ఏమీ అంటలేదు. తర్వాతే బీరువా జరపనిచ్చింది. ఇప్పుడు కిటికీ కింద రెండడుగుల చెక్క పలక, దాని ముందు స్టూలు ఉన్నాయి. అద్దం బయటివైపు రోజూ పొద్దున తడిగుడ్డతో అవ్వే తుడుస్తోంది, ఇంకెవర్నీ ముట్టనివ్వదు.

ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పిల్లలున్న ఇళ్లలో ఈ పని ముందు చూద్దాం. సంఘం గదిలో కొలత టేపు, నిచ్చెన పెట్టాం. ఆదివారం ఉదయం పది గంటలకు వస్తే రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు, బీరువా జరపడానికి మనుషులు కావాలన్నా చెప్పండి. అద్దానికి కొలత తీసేటప్పుడు చట్రం బయటి అంచు కాక, అద్దం కూర్చునే గాడి లోపల కొలవండి. మూలలు సమంగా ఉండవు కాబట్టి పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చినదాన్నే రాసుకోండి.