వార్తల్లో పదం: పేవాల్

చందా చెల్లించిన పాఠకులకు మాత్రమే రచనను తెరిచి, మిగిలినవారిని గడప దగ్గరే నిలిపివేసే సాంకేతిక ఏర్పాటును పేవాల్ అంటారు. ఇందులో పూర్తిగా మూసి ఉంచేది ఒక రకం కాగా, నెలకు కొన్ని వ్యాసాలను ఉచితంగా చదవనిచ్చి ఆపైన రుసుము అడిగేది మీటర్ పద్ధతి. న్యూయార్క్ టైమ్స్ 2011లో 20 వ్యాసాల పరిమితితో దీనిని చేపట్టింది. పెద్ద సంస్థలకు సరిపడిన ఈ గోడలు స్వతంత్ర రచయితలకు అంతగా నప్పవు, ఎందుకంటే రచనను మూసివేస్తే కొత్త పాఠకుడు రాడు, తెరిచి ఉంచితే చెల్లించేవాడు కరవవుతాడు.

ఈ చిక్కుకు లినక్స్ వార్తలను అందించే ఎల్‌డబ్ల్యూఎన్ అనుసరించిన మార్గం గమనించదగినది. 1998లో మొదలైన ఈ చిన్న ప్రచురణ, ఆదాయం చాలక 2002లో మూతపడే స్థితికి చేరినప్పుడు, పాఠకులు విరాళాలతో ఆదుకోగా చందా పద్ధతికి మారింది. దాని వార సంచికను చందాదారులు వెలువడిన రోజే చదువుతారు. ఇతరులకు అదే సంచిక వారం తర్వాత ఉచితంగా అందుతుంది. అంతేగాక, చందాదారుడు తనకు నచ్చిన వ్యాసానికి ప్రత్యేక లింకును సృష్టించి, గడువుకు ముందే చందా లేని మిత్రులకు పంపవచ్చు. ఇది దొంగదారి కాదు, ప్రచురణకర్తలే కల్పించిన వెసులుబాటు. 2013లో ఆరంభమైన పేట్రియాన్ వేదికపై పలువురు సృజనకారులు చెల్లించే అభిమానుల కోసం పాటించే ముందస్తు విడుదల కూడా ఈ గడువు పద్ధతి కోవలోనిదే.

తాజాదనమే విలువైన వార్తలకు, సాంకేతిక విశ్లేషణలకు ఈ పద్ధతి అక్కరకు వస్తుంది గాని, వారం ఆలస్యమైనా విలువ తగ్గని కథకూ కవితకూ అంతగా పనికిరాదు.