ఋణదాత కోపము, ఋణగ్రస్తుని కోపము

2022 సెప్టెంబరు 23న లండనులో ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగు, అప్పు తప్ప వేరొక ఆధారము చూపక, భారీ పన్ను తగ్గింపులను ప్రకటింపగా, పౌండు పతనమై, ప్రభుత్వ ఋణపత్రముల వడ్డీ పైకెగసి, నెల తిరుగకమునుపే ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటింపవలసి వచ్చెను. ఆమెను దింపినది ప్రతిపక్షమైన లేబరు పార్టీ కాదు, ఋణదాతల అవిశ్వాసము.

ఆ యేటి తొలకరిలోనే మన కోనసీమ రైతులును తమ అవిశ్వాసమును పంట విరామ రూపమున ప్రకటించిరి. 2011 ఖరీఫులో వేలాది ఎకరములు బీడు పెట్టినప్పుడును కారణములు దాదాపు ఇవియే: పూడిన మురుగుకాలువలు, పెరిగిన కూలి, గిట్టని ధర. నాడు సాధారణ రకము వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కొత్తపేట చుట్టుపట్ల అప్పు తెచ్చి సాగుచేయు కౌలుదారుడు దమ్ముకు ట్రాక్టరు, ఊడ్పుకు కూలీలు, కోతకు యంత్రము, ఆపై భూస్వామికి బస్తాల మక్తా లెక్కించుకొన్నచో, మిగులునది గడ్డియే.

నాడు కాంగ్రెసు ప్రభుత్వము పంట విరామ కారణములను విచారించుటకు మోహన్ కందా సంఘమును వేసెను. 2022లో ఏలినది వైఎస్సార్ కాంగ్రెసు. రెండు మార్లును ప్రతిపక్షముననున్న తెలుగుదేశము రైతుపక్షము వహించెను. అధికారము పోయిన మరునాడే రైతుపై ప్రేమ పుట్టుకొచ్చుట అన్ని పార్టీలకును సామాన్య లక్షణము గదా!

లండను విపణి వారములలో సాధించిన దానిని కోనసీమ కౌలుదారుడు పదునొకండేండ్లకును సాధింపలేకపోయెను. అప్పిచ్చినవాని కోపమునకు గల వేగము, అప్పు తెచ్చుకొన్నవాని కోపమునకు లేదు.