పెరట్లోనే ఉంది బంకమన్ను

చవితి సంచికకు మట్టి వినాయకుడి మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం లోపు ఇవ్వాలి అన్నారు సంపాదకులు. విగ్రహం సంగతి తర్వాత, ముందు మట్టి సంగతి తేల్చుకోవాలనిపించింది నాకు. బంకమన్ను ఇప్పుడు ప్యాకెట్లలో వస్తోంది. పెరట్లో గునపం దిగే చోటున్న వాళ్లకు అది కొనాల్సిన పని లేదని నా నమ్మకం.

మొదట చేతికందిన కాగితం భూసార కార్డు. కేంద్రం 2015లో మొదలుపెట్టిన పథకమది. నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి బోరాన్, సేంద్రియ కర్బనం దాకా 12 పరీక్షల ఫలితాలు అందులో ఉంటాయి. పైరుకు పనికొచ్చే లెక్కలవి. కుండ చేసేవాడికి కావలసింది నేలలో బంక ఎంత అన్నది. ఆ 12లో అది లేదు. దాన్ని చెప్పేది ఖాళీ పచ్చడి సీసా. ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే.

జానెడు లోతున పైమట్టిని వేళ్లతో, ఆకులతో సహా పక్కకు లాగేసి, కింది మన్ను తీయండి. గాజు సీసాలో మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బుపొడి. గట్టిగా గిలక్కొట్టి కదలని చోట పెట్టండి. నిమిషంలో అడుగున ఇసుక పేరుకుంటుంది. దాని మీద ఒండ్రు గంటల మీద దిగుతుంది. మర్నాడు చూసినా పై నీళ్లు కలకగానే ఉంటే సంతోషించండి, బంక అక్కడుంది.

2 మైక్రాన్ల లోపు రేణువులనే శాస్త్రజ్ఞులు బంక అంటారు. అవి ఎంత నెమ్మదిగా దిగుతాయో 1851లో జార్జి స్టోక్స్ ఇచ్చిన సూత్రంతో లెక్క కట్టొచ్చు. రేణువు సైజు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 50 మైక్రాన్ల సన్న ఇసుక రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 40 సెకన్లు చాలు. 2 మైక్రాన్ల రేణువుకు అదే దూరం సుమారు 7 గంటలు. వెనక మన ఇళ్లలో ఏటి నీళ్లు తేరడానికి చిల్లగింజ అరగదీసి కలిపేవారు. తాగేవాళ్లు పైతేట తీసుకుని అడుగుది పారబోసేవారు. కుమ్మరికి కావలసింది ఆ పారబోసేదే.

కొన్ని నేలల మన్ను గంటలోనే తేరిపోతుంది. అంతమాత్రాన బంక లేదని తీర్మానించకండి. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే బంక రేణువులు గుంపు కట్టి త్వరగా కిందికి దిగుతాయి. సబ్బుపొడి వేయమన్నది వాటిని విడదీయడానికే.

సీసా చేసిన పనే బక్కెట్లో చేస్తే బంకమన్ను చేతికొస్తుంది. తవ్విన మన్ను ముందు బాగా ఎండాలి. తడిగడ్డ నీళ్లలో రోజుల తరబడి గడ్డగానే ఉంటుంది, ఎండుగడ్డ బుడగలు వదులుతూ తనంతట తానే విచ్చిపోతుంది. కలియబెట్టి, నిమిషం ఆగి, పై బురదనీటిని పాత వాయిల్ చీర గుండా ఇంకో బక్కెట్లోకి వంపండి. అడుగున మిగిలిన ఇసుకను పారేయకండి. ఒకటి రెండు రోజులకు పైతేట తీసేసి, చిక్కటి బురదను పాత పంచెలో మూటగట్టి వేలాడదీయండి. పదునుకొచ్చాక తొక్కాలి, పిసకాలి. పెన్సిలంత లావు తాడు చేసి వేలికి చుడితే విరగకూడదు. ముద్ద మీద 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెడితే 9కి తగ్గకూడదు. తగ్గిందా, పక్కన పెట్టిన ఇసుకలోంచి సన్నది జల్లించి కొంత తిరిగి కలపాలి. అంత కష్టపడి తీసేసిన ఇసుకే కుండను పగలకుండా కాస్తుంది!

నాకు ఎర్రమట్టి మీదే మనసు. తెలంగాణ చల్క నేలల్లో తట్టెడు మన్నుకు దోసెడు బంకే దక్కొచ్చు, కానీ ఆ దోసెడు చెప్పినట్టు వింటుంది. నల్లరేగడి అలా కాదు. అందులోని స్మెక్టైట్ ఖనిజం పొరల మధ్యకే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. వేసవిలో చేలు నెర్రెలిచ్చేది అందుకే, రేగడి కుండ ఆరుతూ ఆరుతూనే చీలేదీ అందుకే. ఇసుక, బూడిద బాగా పడాలి. పైగా రేగడిలో సున్నపు రాళ్లుంటాయి. కందిగింజంత రాయి మిగిలినా కాల్చినప్పుడు అది సున్నమవుతుంది, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బి, బాగున్న కుండ మీద పెచ్చు లేపేస్తుంది. మన్ను మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నముందన్న మాట, జల్లెడ ఇంకా సన్నది వాడాలి.

చరిత్ర చెప్పడానికి చోటు లేదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బలో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వకాలు, కొత్త రాతియుగపు బూడిదరంగు కుండపెంకులు, ఇనుపయుగపు సమాధుల్లో నలుపు ఎరుపు పాత్రలు, శాలివాహనులమని చెప్పుకునే కుమ్మరులు, రామాయణం రాసిన మొల్ల: ఒక్కోటీ ఒక్కో సంచికకు సరిపోయే కథ.

తవ్వుకోవచ్చా?

కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలకు, ప్రమిదలకు, బొమ్మలకు చేత్తో మట్టి తవ్వుకుంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15 నాటి నోటిఫికేషన్‌లో ఉంది. మట్టి పెంకులు చేసేవారికీ ఆ మినహాయింపు ఇచ్చారు. పెరట్లో ఒక జాగ్రత్త: పాత పెయింటు రాలిన గోడ వారన మన్ను తీయకండి, అందులో సీసం ఉండొచ్చు.

నిప్పు ఎవరికి?

వినాయకుడికి వద్దు. కాల్చని మట్టి నీళ్లలో మళ్లీ మట్టవుతుంది, నిమజ్జనానికి కావలసింది అదే. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు కూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రమిదకు, కుండకు మాత్రం నిప్పు తప్పదు. మట్టి అణువుల్లో కలిసిపోయిన నీరు పోవడానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఇంటి ఒవెన్ అంత ఇవ్వలేదు. దగ్గర్లోని కుమ్మరి ఆవంలో పెట్టమని అడగండి. మన్ను పెరటిదని ముందే చెప్పండి, సరిగా ఆరని ముక్క పేలితే పక్క కుండలూ పోతాయి. మొదట అరచేతిలో పట్టే ముక్క ఒకటి కాల్పించి చూసుకుంటే మేలు.