పసిచేతులకు పని

బిడ్డ చేయి ఊరక యుండదు. మనము పని చూపనిచో అదియే పని వెదకికొనును. గిన్నెలు దొర్లించును, పిండి చల్లును, గోడపై గీతలు గీయును. దీనిని మన మల్లరి యందుము. యథార్థమునకు అది చదువునకు మొదటి మెట్టు. మూడవయేట మట్టి పిసికిన వ్రేళ్లే ఆఱవయేట బలపమును నిలుకడగా పట్టును. ఇందులకు అంగడిలో కొనవలసినది మిక్కిలి స్వల్పము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల నడుమనున్న గరిడేపల్లి సీమను ఉదాహరణముగా గైకొందము. నాగార్జునసాగరమునకు 1955లో పునాదిరాయి పడినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు పాఱిన భూములలో వరి ప్రబలినది. అంతకుముందు మెట్టచేల పండుచుండిన జొన్న, ఆముదము వెనుకబడినవి. పంటతోపాటు పిల్లల ఆటవస్తువులును మాఱినవి. అవ్వల చిన్ననాట జొన్నదంటును ఒలిచి, లోని తెల్లని బెండును ముక్కలుగా కోసి, పైబద్దలతో గుచ్చి బండ్లు, మంచములు, కళ్లజోళ్లు చేసెడివారు. నేటి బిడ్డకు ఆ బెండు దొరకుట అరుదు. అంతమాత్రమున ఆ పని నశింపనక్కఱలేదు. ఇంట నున్నదానితో చేయుటయే ఆ విద్యలోని సారము.

ఈనాడు నాట్లకో కలుపునకో పోయి అలసి వచ్చిన తల్లి, పొయ్యికడ సతమతమగు తల్లి, బిడ్డ యేడ్చినంతనే సెల్‌ఫోను చేతికిచ్చుట పెక్కు ఇండ్లలో చూచుచున్నాము. ఆమెను నిందించుట మా యుద్దేశము కాదు; ఆమెకు తోడు లేదు. అయినను 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చేసిన సూచన తెలిసికొనదగినది. రెండేండ్లు నిండని బిడ్డకు తెఱ కూడదు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదు, తగ్గినకొలది మేలు. తెఱమీది బొమ్మ బిడ్డను చూడనిచ్చును గాని పట్టనీయదు. పట్టుటకు ఇంటిలో నేమేమి గలవో ఇక చెప్పెదము.

మన్ను: చెఱువుమన్ను తెచ్చి, రాళ్లేఱి, ఒకరాత్రి నానవేసి, రొట్టెపిండివలె పిసికి యుంచవలెను. మొదట ఉండ, తరువాత రొట్టె, ఆ తరువాత పాము చేయనిండు. పామును వంచి కొనలు కలిపిన సున్న యగును. సున్నపై తలకట్టు నిలిపిన ‘ర’ యగును. ఆ ‘ర’ నడుమ చుక్క పెట్టిన ‘ఠ’ యగును. అక్షరము వ్రేళ్లకు ముందు తెలిసి, కంటికి పిమ్మట తెలియును. జ్యేష్ఠమాసమున ఏరువాక పున్నమనాడు మట్టియెడ్లు చేయుట మన పల్లెల ఆచారము. ఆనాడు బిడ్డకును ఒక ముద్ద నిండు. వాని యెద్దునకు మూడుకాళ్లే యున్నను సరిదిద్దకుడు. నాలుగవకాలు ఏదని అడుగుడు చాలును.

గింజలు: నాలుగేండ్లు దాటిన బిడ్డకు చింతగింజలను మించిన గణితపుస్తకము లేదు. జతలుగా పేర్చిన సరిబేసులు తెలియును, పదేసి కుప్పలు పెట్టిన దశకములు తెలియును. వామనగుంటలలో రెండువరుసల పదునాలుగు గుంటలు గలవు. గుంటకు ఐదేసి గింజలు పెట్టినచో డెబ్బది కావలెను. ఒక గుంటలోని గింజలు తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేయుచు పోవునపుడు, ఎచ్చట ముగియునో ముందే ఊహించుట బిడ్డ నేర్చుకొనును. నేల త్రవ్వ వీలులేని బండలయింట సుద్దతో గుండ్రములు గీసినను సరిపోవును. అష్టాచెమ్మకు రెండు చింతగింజలను చీల్చిన నాలుగు బద్దలు వచ్చును. నాలుగును తెల్లగా పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును నల్లగా పడిన అష్ట, అనగా ఎనిమిది. ఓడుటయు ఒక చదువే; అది ఇంటనే నేర్చిన మంచిది.

కొలతలు: రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము. ఈ పాత్రలు అటకమీద నున్నచో దింపి, ఇసుకయో బియ్యమో ఇచ్చి, తవ్వలో ఎన్ని సోలలు పట్టునో బిడ్డనే కొలువనిండు. ముందు చెప్పకుడు. పాత్రలు లేనియింట అరలీటరు, లీటరు సీసాలు చాలును. సన్నని పొడుగుసీసాలోని నీరును వెడల్పుగిన్నెలో పోసి, నీరు తగ్గినదా యని అడుగుడు. పసిబిడ్డ తగ్గినదనును; మరల సీసాలో పోసి చూపుడు. పలుమాఱులు పోసి చూచినమీదట ఒకనాడు తానే నవ్వి, అంతేయున్నదనును.

రంగులు: కాగితముపై తడిపసుపు పూసి ఆరనిండు. దానిపై పుల్లతో సబ్బునీట బొమ్మ గీసిన, గీసినచోటెల్ల ఎఱ్ఱబాఱును. నిమ్మరసపు చుక్క వేసిన మరల పసుపుపచ్చ యగును. పసుపులోని రంగు క్షారము తగిలిన ఎఱుపునకును, ఆమ్లము తగిలిన పసుపునకును తిరుగును. పసుపును సున్నమును కలిపి పారాణి చేసిన మన పెద్దలు ఈ గుణమును ఎఱిగినవారే. అయితే సున్నము కంటికి ప్రమాదము గనుక బిడ్డకు సబ్బునీరే ఇయ్యవలెను. ఇందులకైన వ్యయము చెంచాడు పసుపు, నిమ్మచెక్క.

ఇసుకవ్రాత: ఇది మన వీధిబడుల పాతపద్ధతి. మద్రాసులో అనాథబాలుర శాలకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు, ఇచటి పిల్లలు వ్రేలితో ఇసుకపై వ్రాయుట చూచి, తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనున ప్రకటించిన పుస్తకముద్వారా తన దేశమువారికి తెలిపెను. 1907లో రోమునగరమున శిశుగృహమును తెఱచిన మరియా మాంటిసోరీ, గరుకుకాగితపు అక్షరములను పిల్లలచే తడవించెను. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. మనము పళ్లెములో ఇసుక పోసినను చాలును. లేదా, అట్టముక్కపై ఉడికించిన మైదాజిగురుతో అక్షరము వ్రాసి, ఇసుక చల్లి, ఆరిన పిమ్మట కన్నులు మూసికొని తడవుమనుడు.

ఋతువులు: వేసవిలో ముంజలు తిన్న పిమ్మట రెండు కాయలను పుల్లతో ఇరుసుగా కలిపి, పంగలకఱ్ఱతో తోసిన బండి యగును. తాటాకు గాలిమర గాలి యెటువీచునో చెప్పును. భాద్రపదమున బాలికలు బొడ్డెమ్మను అమర్తురు. మహాలయ అమావాస్యనుండి బతుకమ్మ వచ్చును. తంగేడు, గునుగు, బంతి వరుసలు అడుగున పెద్దవియై పైకి పోనుపోను చిన్నవి యగుట చేతులారా పేర్చిన బిడ్డకు ఎవరును వివరింపనక్కఱలేదు. బాలురను ముగ్గులకు, పూలకు దూరము చేయకుడు; బాలికలను బండికి దూరము చేయకుడు. చేతికి ఆడ మగ లేదు.

ఇక జాగ్రత్తలు. మూడేండ్లలోపు బిడ్డ ప్రతిదియు నోట పెట్టుకొనును. గింజలు గొంతున అడ్డుపడును గనుక వారికి ఈయరాదు. ఆముదపుగింజ, గురివిందగింజ ప్రాణాంతక విషములు. అందముగా నున్నవని ఏ వయసువారికిని ఆటకు ఈయకుడు. పైరుమందు డబ్బాను ఎంత కడిగినను అది ఆటవస్తువు కాదు, నీళ్ల చెంబును కాదు. నీటితో ఆడు బిడ్డను క్షణమైనను ఒంటిగా విడువరాదు.

ఇన్నిటికి తీరిక యేదని పనిపాటల తల్లులు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. వారికి మేము చెప్పునది వేఱు: క్రొత్తపని పెట్టుకొనకుడు, ఉన్నపనిలో బిడ్డకు పాలిండు. చిక్కుడుకాయలు ఒలుచుట, ఉల్లిగడ్డలు పెద్దవి చిన్నవి వేఱు చేయుట, ఉతికిన బట్టలలో జతలు కలుపుట, ఇవన్నియు పాఠములే. పని నెమ్మదించును, ఓర్చుకొనవలెను. తండ్రియు సాయంకాలము అరగంట ఇచ్చిన తల్లి బరువు సగమగును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచు అంగన్‌వాడీలలో మూడు మొదలు ఆఱేండ్ల వారికి ఆటపాటల చదువు గలదు. బిడ్డను అచటికి పంపి, అచట నేర్చిన ఆటను సాయంకాలము మనకు నేర్పుమని అడిగిన వాని సంతోషమునకు మేర యుండదు.

మఱియొక మాట. జొన్నబెండుతో బండి కట్టుట ఎఱిగిన అవ్వలు పల్లెలలో ఇంకను గలరు. వారి వ్రేళ్లలోనున్న ఈ విద్య అచ్చుపుస్తకములలో అంతయు లేదు. ఈ మాసముననే మీ యింటి పెద్దమ్మను, అవ్వను కూర్చుండబెట్టి, తాము చిన్ననాట ఏమేమి చేసికొని ఆడిరో అడుగుడు. బిడ్డను ఆమె ప్రక్క కూర్చుండనిండు. ఆమె చెప్పినది ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. జొన్నదంటు దొరకకున్న గడ్డిపోచతోనైనను ఆమె ఏదో యొకటి చేసి చూపకపోదు.