వేషం తీశాక మిగిలే పేరు

సినిమా చూడటం పాపమని గట్టిగా నమ్మిన ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లం మేము. నాన్నగారు సంఘ పెద్ద. పెన్న ఒడ్డున ఉన్న మా పామిడిలో వానలు రాక శనక్కాయ పంట ఎన్ని ఏళ్లు పోయిందో లెక్కలేదు గానీ, మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మాత్రం ఒక్క రాత్రి తప్పింది లేదు. అలాంటి ఇంటి నుంచి ఒక శుక్రవారం సాయంత్రం ఉపవాస కూటానికి వెళ్తున్నామని చెప్పి అన్నదమ్ములం ఇద్దరం టూరింగ్ టాకీసుకు వెళ్లి నేల టికెట్టులో కూర్చున్నాం. ఆడుతున్నది 'మిస్సమ్మ'. అందులో సావిత్రి మేరీ అనే క్రైస్తవ యువతిగా వేసింది కాబట్టి అంత పాపం కాదులే అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. "యాడికి పోయింటిరి నాయనా?" అని అడిగారు. "కూటానికి" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆయన మమ్మల్ని దగ్గరికి పిలిచి చొక్కాలు వాసన చూశారు. టెంటులోని బీడీ పొగంతా ఆ చొక్కాల్లోనే ఉంది. ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లి బైబిలు తెరిచి, ఆ రాత్రి ప్రార్థనలో ఆదికాండం 27వ అధ్యాయం మాతోనే చదివించారు. అన్న వస్త్రాలు తొడుక్కుని తండ్రి ముందు నిలబడిన యాకోబు కథ అది. ఇస్సాకు కూడా కొడుకు బట్టలు వాసన చూశాడు. కానీ ఆయన మోసపోయాడు, మా నాన్నగారు మోసపోలేదు.

తెర మీద రెండు పేర్లు

ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన 'మిస్సమ్మ' 1955లో విడుదలైంది. ఒక పల్లెటూరి బడికి పట్టభద్రులైన భార్యాభర్తలు టీచర్లుగా కావాలని ప్రకటన వస్తుంది. చదువుండీ ఉద్యోగం లేని ఎం.టి. రావు, అప్పిచ్చినవాడి పెళ్లి ఒత్తిడి నుంచి బయటపడాలనుకున్న మేరీ, ఇద్దరూ భార్యాభర్తలమని చెప్పి ఆ ఉద్యోగంలో చేరతారు. ఇక అక్కడి నుంచి ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి పూటకో కొత్త అబద్ధం కావాలి. చూసేవాళ్లకు నవ్వు, మేరీకి మాత్రం ప్రతి పూటా గండం. చివరకు ఆమె ఆ జమీందారు దంపతులకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. దాచిన పేరు ఒకటైతే, ఆమెకే తెలియని పేరు ఇంకొకటి!

ఇలాంటి కథలంటే తెలుగువాళ్లకు మొదటి నుంచీ ఇష్టమే. మన తాడిపత్రి బిడ్డ కె.వి. రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. 1964 నాటి 'రాముడు-భీముడు'లో పిరికివాడి స్థానంలోకి ధైర్యవంతుడైన కవల సోదరుడు వస్తాడు. 2002లో వచ్చిన 'ఇంద్ర'లో మన సీమ నాయకుడు ఇంద్రసేనారెడ్డి కాశీలో శంకర్ నారాయణ పేరుతో టాక్సీ నడుపుకుంటాడు. 2005 నాటి 'అపరిచితుడు'లో ఒకే మనిషిలో ముగ్గురు ఉంటారు, ఆ ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇన్ని తరాలుగా ఈ కథలకు మనం ఎందుకు చప్పట్లు కొడుతున్నాం? ఒక మనిషిలో ఇద్దరు ఉండటం మనకు కొత్త సంగతి కాదు కాబట్టి. అయితే సినిమాకు ఒక సౌకర్యం ఉంది. మూడు గంటల్లో ముసుగు తొలగి తీరుతుంది. పుట్టుమచ్చ కనబడుతుంది, పాత శత్రువు ఎదురుపడతాడు. 'మాయాబజార్' చివర్లో సత్యపీఠం ఎక్కిన శకుని నోటి నుంచి మనసులోని కుట్ర అంతా బయటపడుతుంది. మన జీవితాలకు ఆ సౌకర్యం లేదు. ఇక్కడ ఇంటర్వెల్ లేదు, సత్యపీఠం లేదు. నోరు తెరిచి మనమే చెప్పకపోతే రెండు జీవితాలూ సమాధి దాకా పక్కపక్కనే నడిచిపోతాయి.

వేషధారి అన్న మాట

మేము సెమినరీలో కొత్త నిబంధన గ్రీకు నేర్చుకునే రోజుల్లో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాం. పరిసయ్యులను ప్రభువు పిలిచిన ఆ మాట 'హుపొక్రితేస్'. నాటకంలో పాత్ర ధరించే నటుడికి గ్రీకులు పెట్టుకున్న పేరు అది. మన తెలుగు బైబిలు అనువాదకులు దానికి 'వేషధారి' అన్న మాట వాడారు. ఇంతకంటే సరైన మాట దొరకదు.

వేషం వేయడమే తప్పని ప్రభువు అనలేదు. మన పల్లెల్లో పగటివేషగాళ్లు తిరిగేవాళ్లు. వాళ్లు వేసిన వేషం ఎంత నిజంగా ఉన్నా, అది వేషమని చూసేవాళ్లకు తెలుసు, వాళ్లకూ తెలుసు. చివరి రోజు ఇంటింటికీ వచ్చి కళకు సంభావన అడిగి తీసుకుపోయేవాళ్లు. అందులో మోసం లేదు. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వేషధారులు వేరు. వాళ్ల రంగస్థలాలు మూడు: దానం, ప్రార్థన, ఉపవాసం. మూడూ మంచి పనులే. మనుషులు చూడాలని చేసినప్పుడు ఆ మూడూ వేషాలైపోతాయి. 'కూటానికి వెళ్లాం' అన్న మా అబద్ధం కూడా ఉపవాసపు వేషమే మరి!

మా పెన్నను చూడండి. పైకి ఎండి ఇసుక మేట వేసి ఉంటుంది, చెలమ తోడితే అడుగున నీళ్లు. వేషధారి ఇందుకు పూర్తిగా తిరగబడిన మనిషి. సున్నం కొట్టిన సమాధుల్లా పైకి తెల్లగా, లోపల ఎముకలతో ఉంటారని ప్రభువు అన్నది వాళ్లనే (మత్తయి 23:27). పొద్దున్నే ఫోను స్టేటస్‌లో వాక్యం పెట్టి, మధ్యాహ్నం కరువు రైతుకు నూటికి ఐదు రూపాయల వడ్డీతో నోటు రాయించుకునేవాళ్లు మన బెంచీల మీదే ఉన్నారు. వేదిక మీద ఒక గొంతు, వంటింట్లో ఇంకొక గొంతు ఉన్న కాపరులమూ ఉన్నాం. ఈ మాట రాస్తున్నప్పుడు మా ఇంట్లోవాళ్లు పక్కనే ఉన్నారు, కాదనలేదు.

ఒకే ప్రశ్న, రెండు జవాబులు

యాకోబు దగ్గరికి తిరిగి వద్దాం. బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు మాది, గుడ్డ మారిస్తే మనిషి తీరే మారిపోతుందని ఇక్కడి అంగళ్లవాళ్లకు బాగా తెలుసు. రిబ్కాకూ తెలుసు. ఏశావు మంచి వస్త్రాలు తొడిగింది, చేతులకూ మెడకూ మేకపిల్లల చర్మం కప్పింది. చూపు మందగించిన తండ్రి నీవెవరవని అడిగితే, యాకోబు అన్న పేరు చెప్పాడు. గొంతు మాత్రం మారలేదు. ఆ తేడా ఇస్సాకు చెవికి తెలిసింది కూడా. అయినా చేతులను నమ్మి దీవించాడు.

ఆ దీవెనతో యాకోబు సుఖపడ్డాడా? ఇల్లు విడిచి పారిపోయాడు. చూపులేని తండ్రి ముందు మనిషిని మార్చినవాడికి, చీకట్లో లాబాను పెళ్లికూతురినే మార్చి ఇచ్చాడు (ఆదికాండం 29). వేషం వేసినవాడికి వేషమే ఎదురైంది. ఇరవై ఏళ్లు గడిచాక యబ్బోకు రేవు దగ్గర ఒంటరి రాత్రి, తెల్లవారేదాకా పెనుగులాట. అక్కడ మళ్లీ అదే ప్రశ్న, నీ పేరేమిటని. ఈసారి అతడు యాకోబునని చెప్పాడు (ఆదికాండం 32:27). ఆ పేరులో మడిమ పట్టుకున్నవాడు, మోసగించినవాడు అన్న అర్థం ఉంది. అంటే తన పేరు చెప్పడమే తన పాపం ఒప్పుకోవడం. కొత్త పేరు, నిజమైన దీవెన దొరికింది ఆ జవాబు తర్వాతే. అయితే అతడు అక్కడి నుంచి కుంటుతూ వెళ్లాడని కూడా వాక్యం చెబుతోంది. నిజం చెప్పడం ఉచితం కాదు.

సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు

కిందటేడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా యువకుల్లో ఒకరు మిగిలిపోయారు. బీఈడీ చదివాడు, టీచరు ఉద్యోగం కోసం చూస్తున్నాడు. "అయ్యగారూ, నాకు బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్టులో పేరు ఒకటి. సర్టిఫికెట్టులో హిందువునని ఉంది. నేను వేషధారినేనా?" అని అడిగాడు. మిస్సమ్మలో మేరీ లాగే ఇతనిదీ ఉద్యోగం కోసం రెండు పేర్ల అవస్థే. కానీ ఇది సినిమా కాదు, నవ్వు రాలేదు.

మన పాఠకుల్లో చాలామందికి ఈ ప్రశ్న సొంత ఇంటి ప్రశ్న. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకూ వాళ్ల సంతానానికీ బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దళిత క్రైస్తవులకూ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగ ప్రయోజనం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనని తీర్పు చెప్పింది. మతం మారినా ఊళ్లో గ్లాసు మారని మనిషికి హోదా మాత్రం మారిపోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. కానీ ఆ అబ్బాయి అడిగింది చట్టం గురించి కాదు, తన గురించి.

పేరు తెలుగు పేరైనంత మాత్రాన అబద్ధం కాదు. దానియేలుకు బబులోనువాళ్లు బెల్తెషాజరని పేరు పెట్టారు, అతని ప్రార్థన మారలేదు. హదస్సా అనే ఎస్తేరు రాజగృహంలో తన జాతి ఏదో చెప్పలేదు. యాకోబు లాభం కోసం దాచాడు, ఆమె పెంచినవాడి మాట విని, భయం ఉన్నచోట దాచింది. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం. అయినా ఆమెకూ చెప్పవలసిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు ప్రాణానికి తెగించి చెప్పింది, చెప్పింది కాబట్టే తన ప్రజలు బతికారు.

ఈ మాటలన్నీ ఆ అబ్బాయికి చెప్పాం గానీ, చెబుతుంటేనే మా వేషం మాకు కనబడింది. ఇలాంటి రెండు పేర్ల ఉద్యోగాల జీతంలోంచి వచ్చిన దశమభాగం మా సంఘం ఎన్ని ఏళ్లుగానో తీసుకుంటోంది. మేము అడగం, వాళ్లు చెప్పరు. అతడు యాకోబులా తన పేరు చెప్పి కుంటుతూ నడవాలని వేదిక మీద నుంచి చెప్పడం తేలిక. కుంటేవాడికి భుజం ఎవరిస్తారు? ఆ ప్రశ్న పెద్దల కూటం ముందు పెట్టాం. ఆ సాయంత్రం గట్టి వాదనే జరిగింది. చివరకు కోత పండుగ కానుకల్లోంచి ఏటా కొంత తీసి, బీసీ-సీలోనే పరీక్ష రాస్తామని ముందుకొచ్చే పిల్లలకు కోచింగు ఫీజు కడదామని తీర్మానించుకున్నాం. ఆ అబ్బాయి దరఖాస్తు ఇంకా పెట్టలేదు. ఏ కాలమ్ నింపుతాడో మేము అడగబోము. అతని కోసం ప్రార్థిస్తున్నాం.

ఆయన వేసుకున్నది వేషం కాదు

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. తొలి శతాబ్దాల్లో సంఘంలోకి ఒక దుర్బోధ వచ్చింది. దాన్ని డోసెటిజం అంటారు. క్రీస్తుకు నిజమైన శరీరం లేదని, మనిషిలా కనిపించాడంతేనని వాళ్ల వాదన. ఘటోత్కచుడు శశిరేఖలా కనిపించినట్టు అన్నమాట. సంఘం దాన్ని గట్టిగా తోసిపుచ్చింది. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడమే పరీక్ష అని యోహాను రాశాడు (1 యోహాను 4:2). ఆయన దాసుని స్వరూపం ధరించింది దాక్కోవడానికి కాదు (ఫిలిప్పీ 2:7). ఆకలి నిజం, కన్నీరు నిజం, సిలువ మీద రక్తం నిజం. దేవుడే వేషం లేకుండా మన దగ్గరికి వస్తే, మనం ఆయన దగ్గరికి వేషం వేసుకుని వెళ్తున్నాం.

నాన్నగారికి నిజం చెప్పడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది. సెమినరీ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అదే అరుగు మీద, ఆ శుక్రవారం వెళ్లింది కూటానికి కాదని ఒప్పుకున్నాం. ఆయన నవ్వారు. "నాకు తెలీక అడగల్యా నాయనా. మీరు చెప్తారేమోనని అడిగితి" అన్నారు.

యబ్బోకు రేవులో దేవుడు పేరు అడిగింది కూడా తెలియక కాదు. మన కోసమే అడుగుతాడు. ఈ ఆదివారం ఆరాధనలో ఎవరి చొక్కా ఏ వాసన వేస్తోందో ఆయనకు తెలుసు. మన నోటి నుంచి మన పేరు వినాలని అరుగు మీద కాచుకుని కూర్చుని ఉన్నాడు. చెబుదామా?