హజీరా కొలిమికి తెలుగు నేల ఇంధనం

బదిలీల మీద బదిలీలై మేము సూరత్ చేరినప్పుడు అందరూ చెప్పినవి రెండే: వజ్రాలు, చీరలు. లింబాయత్ వైపు మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాలు ఉన్నాయి కనుక చీరల సంగతి మనకు కొత్త కాదు. తపతి నది సముద్రంలో కలిసేచోట, హజీరాలో తయారయ్యే ఉక్కు సంగతే ఎవరూ ఎత్తరు. దానికీ తెలుగు నేలకూ సంబంధం ఉంది పిల్లలూ.

ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను విడదీయడానికే చాలా ఇంధనం ఖర్చవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆ పని బొగ్గు నుంచి చేసిన కోక్‌ది. అందులోని కార్బన్ ఆక్సిజన్‌ను పట్టుకుని చివరకు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. హజీరాలో 1990లో మొదలైన పద్ధతి వేరు. సహజవాయువును హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లుగా మార్చి, ఆ వేడి వాయువులను ఖనిజపు ఉండల మధ్యగా పంపుతారు. హైడ్రోజన్ లాక్కున్న ఆక్సిజన్ నీటి ఆవిరి అవుతుంది కనుక కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఉండలు కరగవు. ఆక్సిజన్ పోయినచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, అందుకే దాన్ని స్పాంజ్ ఐరన్ అంటారు. తర్వాత విద్యుత్ ఆర్క్ కొలిమిలో సుమారు 1,600 డిగ్రీల వేడిలో కరిగించి ఉక్కు చేస్తారు.

అంటే గ్యాస్ ఆగితే పని ఆగుతుంది. ఆగింది కూడా. 2009 నుంచి మన కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ కాకినాడ తీరం నుంచి భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైన్‌లో గుజరాత్‌కు వచ్చేది. దిగుబడి పడిపోవడంతో 2011లో ఎరువులు, విద్యుత్తు ముందని ఉక్కు పరిశ్రమ వాటా ఆపేశారు. ఓడల్లో వచ్చే దిగుమతి గ్యాస్ హజీరా రేవులోనే దిగుతుంది, కానీ ఖరీదెక్కువ. అప్పటి ఎస్సార్ స్టీల్ అప్పుల్లో కూరుకుపోవడానికి ఈ కొరత ఒక కారణం. 2017లో దివాలా ప్రక్రియ మొదలై, 2019 డిసెంబరులో కర్మాగారం ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్ సంస్థల చేతికి వెళ్లింది.

రెండో బంధం కర్నూలు ప్రాంతంతో. అక్కడ 975 మెగావాట్ల సౌర, పవన విద్యుత్ కేంద్రాన్ని 2022లో ప్రకటించారు. అందులోంచి 250 మెగావాట్లు హజీరాకు. ఎండ రాత్రి ఉండదు, కొలిమి రాత్రి ఆగదు. అందుకే పిన్నాపురం పంప్డ్ స్టోరేజీని దీనికి జత చేశారు. మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.

ఇంత చేసి, కర్మాగారాన్ని ఏటా 90 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పనిలో కొత్తగా కడుతున్నవి మాత్రం కోక్‌తో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌లే! గ్యాస్ దెబ్బ తిన్నవాళ్లు అలా లెక్క వేయడం మాకు అర్థమవుతుంది. కానీ బ్లాస్ట్ ఫర్నేస్ ఒకసారి కట్టాక దశాబ్దాలు నడుస్తుంది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న మీరు ఇంజనీర్లై అక్కడ చేరేనాటికీ అది కోక్ అడుగుతూనే ఉంటుంది.